లారీ ఇంజన్లో తవ్వకాలు

రాళ్లమెట్ట పురపాలక సంఘం వారి నీళ్ల లారీకి స్పార్కు ప్లగ్గులు విరిగాయని తెలిసినప్పుడు అసిస్టెంటు ఇంజనీరు సువర్చల కంగారు పడలేదు. మార్కెట్ వీధిలో పైపు పగిలి చేపల కొట్లలోకి నీళ్లొచ్చేశాయి. బస్టాండు మోటారు కాలిపోయింది. వాటి ముందు ప్లగ్గులు ఒక లెక్కా?

కానీ ఆ లారీ మామూలు లారీ కాదు. ఎప్పుడో సైన్యం వాళ్లు వేలం వేస్తే కొన్న పెట్రోలు బండి. ముక్కు పొట్టి, ఒళ్లు బండ, గొంతు పెద్దది. దాని వీపు మీద ట్యాంకు బిగించి కొండకాలనీకి నీళ్లు తోలుతున్నారు. ఆ కాలనీ దారి ఎంత ఇరుకంటే, కొత్త ట్యాంకర్లు మొదటి మలుపు దగ్గరే ఎవరి ఇంటి గోడకో ముక్కు ఆనించి నిలబడిపోతాయి. పొట్టి లారీ ఒక్కటే మెలికలు తిరిగి పైకెక్కగలదు. అది ఎక్కితేనే కాలనీలో పొయ్యి మీద బియ్యం పడతాయి.

"ఆరింట్లో రెండు ప్లగ్గులండి మేడమ్ గారు," అన్నాడు మెకానిక్ ఏసుపాదం, చేతిలోని తెల్లటి పింగాణీ ముక్కలు చూపిస్తూ. "మారుద్దామని పానా పెట్టి తిప్పానండి. పై ముక్కలు చేతికొచ్చేసేయి, మర ఉన్న ముక్కలు ఇంజను హెడ్డులోనే ఉండిపోయాయి. ఏళ్ల తరబడి తియ్యలేదు కదండి, తుప్పట్టి పట్టేసేయి."

"ఇప్పుడెలా?"

"ఏం లేదండి. నూనె పోసి కాసేపు నాననిత్తాను. ఎడం మర ఉన్న ఉక్కు మేకు ఒకటుంటాదండి, దాన్ని ముక్కలోకి దించి తిప్పితే అదే కరుచుకుని బయటికొచ్చేత్తాది. నలుసులు లోపల పడకుండా గ్రీజు పూత్తాను. మజ్జాన్నానికి బండి కొండెక్కుద్దండి."

"కానివ్వండి మరి," అంది సువర్చల.

ఏసుపాదం మళ్లీ బానెట్టు ఎత్తబోయాడు. అప్పుడు ఇద్దరూ ఒకేసారి దాని మీద మేకులతో బిగించిన, దుమ్ములో కలిసిపోయిన నీలం రేకు చూశారు. 'రక్షిత వారసత్వ సంపద. దీని యే భాగమునైనను తొలగించుట, మార్చుట, శుభ్రపరచుట నేరము.'

ఆ రేకు అక్కడికి రావడంలో సువర్చల చెయ్యి ఉంది.

అంతకు ముందు ఏడాది రాజధాని నుంచి 'మన పాతదనం – మన గర్వం' అనే ఉద్యమం వచ్చింది. ప్రతి పురపాలక సంఘమూ తన పాత ఆస్తుల పేర్లు పంపాలన్నారు. కమిషనర్ త్రివిక్రమరావు గారు అందరినీ సమావేశపరిచారు. గడియార స్తంభం పేరు చెబితే, దాన్ని రోడ్డు వెడల్పు కోసం కూల్చేశామని గుర్తొచ్చింది. సత్రం స్థానంలో షాపింగ్ కాంప్లెక్స్ ఉంది. బంగళా ఉన్నచోట పార్కింగు. భోజనాల వేళ దాటినా రాళ్లమెట్టలో కూల్చకుండా మిగిలిన పాత వస్తువు ఒక్కటీ దొరకలేదు.

"మన ఊరికి చరిత్రే లేదని రాస్తారయ్యా!" అని కమిషనర్ గారు గొంతు బొంగురు పోయేలా వాపోయారు.

ఆకలితో ఉన్న సువర్చల "పాతదంటే మన నీళ్ల లారీయేనండి ఇక," అంది నవ్వుతూ. త్రివిక్రమరావు గారికి హాస్యం అర్థం కాదని ఆమె ఆ తర్వాత నేర్చుకుంది. వారం తిరక్కుండా నీలం రేకు వచ్చింది. ఆ రేకు మీది మాటల్లో సిబ్బంది అక్షరాలా పాటించింది 'శుభ్రపరచుట' అన్నదాన్ని. అప్పటినుంచీ ఎవరూ లారీని కడగలేదు.

ఇప్పుడు ఆమె కమిషనర్ గారి గదిలో నిలబడింది.

"తొలగించుట అని స్పష్టంగా ఉంది కదమ్మా. మీరు తొలగిస్తానంటున్నారు," అన్నారాయన.

"విరిగిపోయినవి సార్."

"విరిగినవి తొలగించవచ్చునని ఎక్కడుంది? హంపీలో విరిగినవన్నీ తొలగిస్తే ఏం మిగులుతుందమ్మా? పై విషయమై వారసత్వ పరిరక్షణ విభాగం వారిని సంప్రదించి తగు నిర్ణయం తీసుకుందాం."

"కొండకాలనీకి నీళ్లు, సార్?"

"చరిత్ర ముందు దాహం తాత్కాలికం," అని ఆయన గంట కొట్టి టీ తెప్పించుకున్నారు.

విభాగం డిప్యూటీ డైరెక్టర్ డాక్టర్ భావనారాయణ గారు రెండు జీపులు, ఒక డేరా, గొడుగు పట్టే మనిషితో సహా విచ్చేశారు. లారీ షెడ్డు చుట్టూ మేకులు పాతి, తాళ్లు కట్టి, నేలంతా గళ్లుగా విభజించారు. ఆయన మోకాళ్ల మీద కూర్చుని, టార్చి వేసి, భూతద్దంతో విరిగిన ప్లగ్గు లోపలికి చాలాసేపు చూశారు. లేచేసరికి ఆయన కళ్లు చెమర్చాయి.

"ఎంత అదృష్టవంతులండీ మీరు! అవశేషం యథాస్థానంలో ఉంది. మానవ హస్తం సోకలేదు."

"సోకబట్టేనండి ఇరిగింది," అన్నాడు నూనె డబ్బాతో నిలబడ్డ ఏసుపాదం.

"ఎవరితను?"

"మెకానిక్కండి," అంది సువర్చల.

"తాడు అవతల నిలబడమనండి. తవ్వకం జరిగేచోటికి ముందుగా చేరేది దొంగలే."

తవ్వకం మొదలైంది. పిల్లలు బొమ్మలకు రంగులు వేసుకునే సన్న కుంచెతో భావనారాయణ గారి శిష్యులు ప్లగ్గు చుట్టూ ఉన్న మసిని నలుసు నలుసుగా రాల్చి, పొట్లాలు కట్టి, పొట్లాల మీద నంబర్లు వేశారు. మధ్యలో ఎవరైనా తుమ్మితే అందరూ అరగంట ఆగేవారు. పది రోజులు పోయాక ఆయన విలేఖరులను పిలిచి ఫలితాలు వెల్లడించారు.

"మసిలో స్పష్టంగా పొరలు కనిపిస్తున్నాయి. పైది శుద్ధ పెట్రోలు కాలం. కింద దట్టమైన నల్లటి పొర. ఇందులో కిరసనాయిలు ఆనవాళ్లు పుష్కలం. దీనిని మలి కిరసనాయిలు యుగం అంటున్నాం. అడుగున ఇంకా చిక్కటి పొర, అది తొలి కిరసనాయిలు యుగం. పెట్రోలుకు బిల్లు పెట్టి కిరసనాయిలు పోసే ఆచారం ఈ ప్రాంతంలో అనాదిగా ఉన్నదని దీనివల్ల రుజువవుతోంది."

"ఏ యుగంలో ఎవరు పాలించారో కూడా తెలుస్తుందాండీ?" అని ఒక విలేఖరి అడిగాడు.

"నిస్సందేహంగా."

మర్నాడు పొద్దున్నే మాజీ ఛైర్మన్ గొలుగూరి వీరభద్రం తన మనుషులతో షెడ్డు మీదికొచ్చాడు. "మలి కిరసనాయిలు యుగం నాదని చెప్పుకుంటున్నారంట! నా హయాం స్వర్ణయుగం. కావాలంటే ఆ పక్క ప్లగ్గు తవ్వుకోండి!" అని తాడు దాటబోయాడు. సాయంత్రానికి ఎదటి పార్టీ వాళ్లు వచ్చి, తొలి యుగాన్ని తమ నాయకుడి తండ్రికి అంటగడితే ఊరుకునేది లేదన్నారు. కమిషనర్ గారు అఖిలపక్షం పిలిచారు. అందరూ కలిసి ఆ పొరలకు 'ప్రత్యామ్నాయ ఇంధన యుగాలు' అని పేరు మార్చి, లడ్డూలు తిని వెళ్లారు.

ఇంత జరుగుతున్నా కొండకాలనీకి చుక్క నీరు లేదు. ఆడవాళ్లు బిందెలు నెత్తిన పెట్టుకుని ఊళ్లోకి దిగి, కుళాయిల దగ్గర పడిగాపులు కాచి, మళ్లీ కొండెక్కుతున్నారు. సువర్చల రోజూ ఆఫీసుకి ఆ దారినే వెళ్లేది. మొదట్లో స్కూటరు ఆపి పలకరించేది. తర్వాత మొహం చెల్లక చూపు తిప్పుకుని పోవడం మొదలుపెట్టింది.

చివరికి కాలనీ ఆడవాళ్లే షెడ్డుకు వచ్చారు. ముందు కాకర మంగాయమ్మ. చంకన ఖాళీ బిందె. తాడు ఎత్తి, గళ్లు తొక్కుకుంటూ నేరుగా సువర్చల దగ్గరికొచ్చింది.

"ఏమ్మా ఇంజనీరమ్మా, మా ఈధిలో బాలింతకి ఏణ్నీళ్లు పోసే దిక్కు లేదమ్మా. మీరేమో బండికి కుంచెలతో బొట్లెడతన్నారు! ఇది బండా, అమ్మోరా?"

సువర్చల నోరు తెరిచేలోగా భావనారాయణ గారు పరుగున వచ్చారు. ఆయన మొహం వెలిగిపోతోంది.

"రండి, రండి! స్థానిక సముదాయం! మీ కోసమే చూస్తున్నాం. చూడమ్మా, ఈ వాహనం మీద మీ పూర్వులు పాడుకున్న పాటలేమైనా ఉన్నాయా?"

"పాటల్లేవు బాబూ. తిట్లున్నాయి."

"అద్భుతం. అదీ మౌఖిక సంప్రదాయమే. కానివ్వండి."

మంగాయమ్మ కానిచ్చింది. లారీతో మొదలెట్టి, డ్రైవర్ల మీదుగా కమిషనర్ దాకా వచ్చి, చివర్లో డిప్యూటీ డైరెక్టర్ గారిని కూడా కలుపుకుంది. శిష్యులు తలలు వంచుకుని ఒక్క మాట వదలకుండా రాసుకున్నారు. అలిసిపోయి ఆగితే, "మూడో తిట్టులో రెండో పాదం మరొకసారి అమ్మా," అని బతిమాలారు. మంగాయమ్మకు జీవితంలో మొదటిసారి తిట్లు అయిపోయాయి. ఆమె బిందె నేల మీద పెట్టి, దాని మీద చెయ్యి ఆనించి కూర్చుంది. ఆ కూర్చోవడం సువర్చలకు తిట్లకన్నా ఎక్కువ గుచ్చుకుంది.

"పిన్నిగారూ, నేనేదో ఒకటి చేస్తాను," అంది మెల్లగా.

"ఎప్పుడమ్మా? యుగం మారాకా?"

ఆ రోజు సువర్చల భావనారాయణ గారిని పట్టు వదలకుండా అడిగింది. తవ్వడం అయింది కదా, ముక్కలు ఎప్పుడు తీస్తారు? ఆయన దానికోసం సదస్సు పెట్టారు. పండితులు రెండు వర్గాలయ్యారు. అవశేషాలను ఉన్నచోటే ఉంచాలని యథాతథవాదులు, పైకి తీసి కాపాడాలని ఉద్ధరణవాదులు. మధ్యాహ్నం భోజనంలో గుత్తివంకాయ కూర ఉద్ధరణవాదుల బల్ల దగ్గరే అయిపోవడంతో వాదం బాగా ముదిరింది. సాయంత్రం భావనారాయణ గారు తీర్పు చదివారు.

"ఒక ప్లగ్గును తొలగించెదము. రెండవదానిని భావితరాల పరిశోధకుల నిమిత్తం తాకకుండా విడిచిపెట్టెదము. స్థలంలో సగం తవ్వక వదలడం మా శాస్త్ర సంప్రదాయం. రాబోయే కాలంలో ఇంతకన్నా మెరుగైన పద్ధతులు రావచ్చును."

ఆ ఒక్కదాన్నీ తీయడానికి ఏసుపాదాన్ని తాడు ఇవతలికి అనుమతించారు. అతనికి 'స్థానిక శ్రామికుడు' అని మెడలో అట్ట వేలాడదీశారు. కెమెరాలు సర్దుకున్నాయి. డిప్యూటీ డైరెక్టర్ గారు తవ్వకాల చరిత్ర మీద ఉపన్యాసం మొదలుపెట్టారు. ఉపన్యాసం పీఠికలో ఉండగానే ఏసుపాదం నూనె పోశాడు, ఉక్కు మేకు దించాడు, తిప్పాడు. కిర్రుమని ఒక చప్పుడు. తుప్పు పట్టిన చిన్న ముక్క అరచేతిలో పడింది.

"వచ్చేసిందండి," అన్నాడు.

"ఇంకా సమయం కాలేదు. మళ్లీ లోపల పెట్టు," అన్నారు భావనారాయణ గారు.

పెట్టాడు. ఉపన్యాసం ముగిశాక చప్పట్ల మధ్య మళ్లీ తీశాడు. ముక్కను ఎర్ర మఖమలు పెట్టెలో ఉంచి, సన్నాయి మేళంతో టౌన్‌హాలుకు ఊరేగించారు.

మేళం వెళ్లిపోయాక సువర్చల ఊపిరి పీల్చుకుని, "ఆ కన్నంలో కొత్త ప్లగ్గు బిగించెయ్యండి ఏసుపాదం గారూ. ఒక్కటి పనిచెయ్యకపోయినా ఎలాగో నడుస్తుందేమో," అంది.

"ఆగండాగండి!" తాడు దగ్గర కాపలా ఉన్న శిష్యుడు అడ్డం పడ్డాడు. "కొత్త ప్లగ్గంటే ఆధునిక చొరబాటండీ. ఆ కాలపు ఇనుముతో, ఆ కాలపు పింగాణీతో చేసిందైతేనే బిగించాలి."

"అవి ఎక్కడ దొరుకుతాయండీ?"

"తవ్వకాల్లో."

కన్నం మీద అద్దం బిళ్ల అతికించి, చూడవచ్చినవాళ్లు వంగి చూడటానికి పక్కన స్టూలు వేశారు.

సువర్చల ఇంటికి వెళ్లి అన్నం ముందు కూర్చుని ముద్ద ఎత్తలేకపోయింది. ఉద్యోగం వదిలేద్దామా అనుకుంది. వదిలేస్తే ఆ కుర్చీలోకి వచ్చేవాడు ఇంకా శ్రద్ధగా నిబంధనలు పాటించేవాడైతే? కోపం తెచ్చుకుని గెలిచే దారి లేదని ఆమెకు అర్థమైంది. వాళ్ల భాష తనకూ వచ్చు. పదేళ్లుగా ఆ భాషలోనే జీతం తీసుకుంటోంది.

మర్నాడు టౌన్‌హాలులో భావనారాయణ గారు, ప్రజలు వారసత్వానికి దూరమైపోతున్నారని బాధపడుతూ మాట్లాడారు. "వారసత్వాన్ని అద్దాల వెనక పెడితే చాలదు. ప్రజలు దాన్ని భుజానికెత్తుకుని ముందుకు లాగాలి!" అన్నారు.

సువర్చల లేచి నిలబడింది. "సార్, నిజంగానే లాగచ్చాండి?"

"అంటే?"

"లారీని. ఇంజను ముట్టుకోకుండా, మోకులు కట్టి, మన చేతులతో కొండమీదికి. వారసత్వ యాత్రలాగా."

భావనారాయణ గారు వేదిక దిగి వచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకున్నారు. "అమ్మా, ఇన్నేళ్ల నా సర్వీసులో ఇంతటి ఆలోచన ఒక ఇంజనీరు నోట వినలేదు!"

"ట్యాంకు మాత్రం నిండా నీళ్లుండాలండి. ఖాళీ ట్యాంకు లాగితే చరిత్రను వక్రీకరించినట్టు అవుతుంది."

"ముమ్మాటికీ. నిండుగా ఉండాల్సిందే."

"అప్పట్లో రోజూ రెండు పూటలా వెళ్లేదండి."

"అయితే రోజూ రెండు పూటలా!"

"లాగేవాళ్లు మామూలు కూలీలైతే గౌరవంగా ఉండదేమోనండి. అధికారులే ముందుండి..."

త్రివిక్రమరావు గారు ఏదో అనబోయారు. అప్పటికే విలేఖరులు ఆయన వైపు కెమెరాలు తిప్పడంతో ఆయన చిరునవ్వు నవ్వి చెయ్యి ఊపారు.

అలా యాత్ర మొదలైంది. కోవెల రథానికి వాడే మోకులు తెచ్చి లారీకి కట్టారు. స్టీరింగు దగ్గర ఏసుపాదం కూర్చున్నాడు, మెడలోని అట్ట మీద ఇప్పుడు 'సారథి' అని ఉంది. కుడి మోకుకి కమిషనర్, ఎడమ మోకుకి డిప్యూటీ డైరెక్టర్, వెనక రెవెన్యూ, ఆరోగ్యం, పన్నుల శాఖల వారు. కాలేజీ పిల్లలకు మార్కులు కలుపుతామన్నారు. ఉదయపు నడక సంఘం వారు తెల్ల బూట్లతో వచ్చారు. యథాతథవాదులూ ఉద్ధరణవాదులూ ఒకే మోకు పట్టారు. చక్రాల వెనక రాళ్లు పెట్టే పని అఖిలపక్షానిది. మలుపు దగ్గర ఎవరు రాయి పెట్టాలన్న వాదం వచ్చి ఒకసారి లారీ కాస్త వెనక్కి జారింది గాని, ఏసుపాదం బ్రేకు తొక్కి ఊరి రాజకీయాన్ని కాపాడాడు.

పైన మంగాయమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడేది. "ఎడం పక్కోళ్లు లాగట్లేదు! ఆ గొడుగాయన ఊరికే తాడు పట్టుకున్నాడు, ఒళ్లొంచమనండి!"

కాలనీలో బిందెలన్నీ నిండాయి. బాలింతకు వేణ్నీళ్లు పోశారు. ఇంజను నడిచిన రోజుల్లో డ్రైవరు రానప్పుడూ పెట్రోలు లేనప్పుడూ ఆగిపోయిన నీళ్లు, ఇప్పుడు పేపర్లో ఫోటో పడాలి కాబట్టి ఒక్క పూట కూడా ఆగలేదు.

కొన్నాళ్లకు గోతిలో అడుగు పడి కమిషనర్ గారి కాలు బెణికింది. "ఈ రోడ్డు ఎవరు వేశారు?" అని అరిచారు. "మనమేనండి," అంది సువర్చల. అదే నెలలో సిమెంటు రోడ్డు పడింది. ఇంకో రోజు, పైకి చేరాక, ఆయన మంగాయమ్మ అరుగు మీద కూలబడి మంచినీళ్లు అడిగారు. ఆమె సగం గ్లాసు ఇచ్చింది.

"మెల్లగా తాగండి బాబూ. ఇంకా కావాలంటే మళ్లీ మీరే తేవాల."

త్రివిక్రమరావు గారు ఆ సగం గ్లాసునూ చుక్క మిగలకుండా తాగారు. కొండకాలనీకి పైపులైను వేయడం సాంకేతికంగా సాధ్యం కాదని ఆయనే ఎన్నోసార్లు సంతకం పెట్టారు. దిగి వచ్చిన సాయంత్రమే అది సాధ్యమని పెట్టారు. ఎండాకాలం ముగిసేలోగా కొండమీద ప్రతి ఇంటి ముందూ కుళాయి వచ్చింది. మొదటి నీళ్లు పడ్డప్పుడు మంగాయమ్మ బిందె పెట్టకుండా కాసేపు చెయ్యి పెట్టి ఊరికే నిలబడింది. సువర్చల ఆమె పక్కనే నిలబడి, ఈసారి చూపు తిప్పుకోలేదు.

యాత్ర మాత్రం ఆగలేదు. అది పర్యాటక క్యాలెండరులో ఎక్కింది. మర్నాడు ఉదయం కూడా అధికారులు నిండు ట్యాంకును కొండ మీదికి లాగారు. పైన ఎవరికీ నీళ్లు అవసరం లేకపోవడంతో, కొత్త సిమెంటు రోడ్డు మీద వదిలారు. అవి వాళ్లకన్నా ముందే ఊళ్లోకి దిగాయి.

ఆ వారమే సువర్చలకు ఫోను వచ్చింది. పొరుగు పట్టణం కమిషనరు.

"మీ యాత్ర గురించి రాష్ట్రమంతా చెప్పుకుంటున్నారమ్మా. మేమూ మొదలెడదామనుకుంటున్నాం. కాకపోతే మా నీళ్ల లారీ కొంచెం కొత్తది. పాత పెట్రోలు ఇంజను ఒకటి తెచ్చి బిగించాం, రేకు కూడా కొట్టించాం. ప్లగ్గుల దగ్గరే ఆగిపోయాం. మావాళ్లు విరగ్గొడుతుంటే మొత్తం బయటికి ఊడొచ్చేస్తున్నాయి. లోపల ఇరుక్కుపోయేలా విరగ్గొట్టడానికి మీ మెకానిక్కుని ఒక్క రోజు పంపుతారా?"

సువర్చల కుర్చీ ముందుకు లాక్కుంది. "మీ ఊళ్లో కొండ ఉందాండీ?"

"ఉందమ్మా. ఏటవాలు చాలా ఎక్కువ."

"దాని మీద జనం ఉన్నారా?"

"ఉన్నారు. కొండంతా ఇళ్లే."

"కుళాయిలు?"

"అబ్బే, అది సాంకేతికంగా సాధ్యం కాదమ్మా."

ఆమె ఫోను చేత్తో మూసి, గుమ్మంలో చేతులు తుడుచుకుంటున్న ఏసుపాదానికి సంగతి చెప్పింది. అతను తన పానాల సంచీ భుజాన వేసుకున్నాడు.

"రెండు విరగ్గొట్టి రావాలాండి మేడమ్ గారు, ఆరూనా?"

"ఆరూ," అంది సువర్చల.